శుక్రవారం అయిదు నిమిషాలు

కోరుట్లలో లసుమవ్వ ఇంటి ముందు తెల్ల కారు ఉందని ఆ వీధిలో అందరికీ తెలుసు. అది నడుస్తుందని మాత్రం ఎవరికీ తెలియదు. తెలిసే వీలు కూడా లేదు మరి. చిన్నకొడుకు రాజేశ్ దుబాయి నుంచి సెలవు మీద వచ్చినప్పుడు ముచ్చటపడి కొన్నాడు, నెలన్నర తిప్పాడు, సెలవు అయిపోగానే దాని మీద నీలం టార్పాలిన్ కప్పి విమానం ఎక్కాడు. పోతూ పోతూ, ఇంజిన్ స్టార్టు చేయడం గురించి తల్లికి ఒక్క మాట చెప్పాడు.

"వారానికొక్కపారి చాలు చేసి బంద్ చెయ్యుండ్రి. లేకుంటే బ్యాటరీ కూసుంటది."

లసుమవ్వ ఏ పనినీ సగం చేసి వదిలే మనిషి కాదు. కొడుకు చెప్పిన ఆ ఒక్క మాటను ఆమె వ్రతం చేసి కూర్చుంది. ప్రతి శుక్రవారం తలస్నానం చేసేది. టార్పాలిన్ తీయించి నాలుగు టైర్లకూ పసుపు రాసేది. ఇత్తడి పళ్లెంలో కుంకుమ భరిణె, చిన్న గంట, అగరొత్తులు పెట్టి ఆ పళ్లేన్ని బానెట్ మీద ఉంచేది. అప్పుడు చిన్నకోడలు శ్రీలత లోపల కూర్చుని తాళం తిప్పాలి. ఫోన్లో రాజేశ్ కనబడాలి, అతనికి ఇంజిన్ చప్పుడు వినబడాలి. గడియారం చూసి సరిగ్గా అయిదు నిమిషాలు. తరవాత తాళం దేవుని గూట్లోకి, కారు టార్పాలిన్ కిందికి. పంతొమ్మిది నెలలు ఒక్క శుక్రవారం కూడా తప్పలేదు.

కొన్నాళ్లుగా ఇంజిన్ నడుస్తుంటే బానెట్ మీది పళ్లెం గలగలలాడడం మొదలుపెట్టింది. భరిణె తనంతట తానే జరుగుతూ పళ్లెం అంచు దాకా వచ్చేది. అది చూసి లసుమవ్వకు పట్టరాని సంతోషం.

"సూడు కొడుకా, బండి ఎంత హుషారుగున్నదో!" అని ఫోన్లో చూపించేది. అక్కడ ఎడారిలో అతనూ మురిసేవాడు, ఇక్కడ శ్రీలతా మురిసేది. తెలియనితనంలో ముగ్గురూ ఒకరికొకరు తీసిపోలేదు.

శ్రీలత సిరిసిల్ల ఆడపడుచు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. ఆ సాంచాల మోతలో పుట్టి, ఆ మోతలోనే పరీక్షలకు చదువుకున్న మనిషికి యంత్రమంటే భయమెందుకుంటుంది? ఆమె కోరిక చాలా చిన్నది. అత్తమ్మను మోకాళ్ల డాక్టరు దగ్గరికి జగిత్యాల తీసుకుపోవాలన్నా, సిరిసిల్లలో నాన్నను చూసి రావాలన్నా బావకు, అంటే రాజేశ్ అన్న జలపతికి తీరిక దొరకాలి, లేదంటే డ్రైవర్ దొరకాలి. ఇంటి ముందు కారు పెట్టుకుని బస్సు కోసం నిలబడడం ఆమెకు రోత పుట్టింది. రోజూ జగిత్యాల పోయి రమణ సారు దగ్గర నెల రోజులు డ్రైవింగ్ నేర్చుకుంది. లైసెన్సు చేతికొచ్చిన రోజు దాన్ని కూడా దేవుని గూట్లో, కారు తాళం పక్కనే పెట్టింది.

ఒక ఆదివారం తాళం తీసి కారు బయటికి తీసింది. వీధి చివరి దాకా బాగానే పోయింది. పెద్ద రోడ్డెక్కి కాస్త తొక్కగానే కారు దగ్గింది, కుదిపింది, టీ హోటలు ఎదురుగా ఠక్కున ఆగింది. మళ్లీ తాళం తిప్పితే వణికింది, మళ్లీ ఆగింది. వెనక ఆటోలు, ముందు నవ్వులు. హోటల్లో టీ తాగుతున్న నలుగురు లేచి వచ్చి కారును ఇంటి దాకా నెట్టారు. ఆమెకు స్టీరింగ్ పట్టుకుని కూర్చోవడం తప్ప వేరే పని లేకపోయింది. అంత సిగ్గు ఆమె జన్మలో ఎరగదు.

"పంతొమ్మిది నెలలు పువ్వు లెక్క ఉన్నది బండి. ఒక్కనాడు చెయ్యి వెట్టినవ్, ఖరాబయింది," అన్నాడు జలపతి. చెడ్డవాడు కాదు, కానీ మాట మింగి ఊరుకోలేడు. షెడ్డు నుంచి మేస్త్రీని పిలిపించాడు. అతను నిలబడిన చోటు నుంచే నాలుగు ఇంజెక్టర్లూ మార్చాలని తేల్చేశాడు. ఇంజిన్లోకి పెట్రోలు చిమ్మేవి అవే, అవి పోతే ఏం మిగిలింది అన్నట్టు చెయ్యి ఊపాడు. సాయంత్రానికల్లా జలపతి మెట్‌పల్లిలో కొనేవాణ్ని కూడా చూశాడు. అతను శుక్రవారం వచ్చి చూస్తానన్నాడు.

రాత్రి ఫోన్లో రాజేశ్ కూడా, "అన్న చెప్పినట్టు చెయ్యుండ్రి. నేనచ్చినంక ఇంకోటి తీసుకుందాం," అన్నాడు. ఎప్పుడొస్తాడో, ఏది కొంటాడో, అప్పుడు ఎవరు తోలతారో! శ్రీలతకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. కారు పోతే పోనీ, తన చేతులు పాపిష్టివనే పేరు ఈ ఇంట్లో ఎప్పటికీ పోదు. రేపు స్కూటీ ముట్టుకున్నా అదే మాట వస్తుంది.

పొద్దున్నే రమణ సారుకు ఫోన్ చేస్తే జగిత్యాల బైపాస్‌లో దశరథం దగ్గరికి పొమ్మన్నాడు. కారు కుదుపుతూ దగ్గుతూ మూడుచోట్ల ఆగినా పదిగంటలకల్లా అక్కడికి చేరింది. దశరథం అరవయ్యేళ్ల మనిషి, ఇరవయ్యేళ్లు మస్కట్ గ్యారేజీల్లో పనిచేసి వచ్చినవాడు. బానెట్ ఎత్తలేదు. స్టూలు మీద కూర్చుని కాసేపు ఇంజిన్ విన్నాడు.

"ఎన్నొద్దుల సంది నిలవడ్డది బిడ్డా?"

"నిలవడలే కాకా. వారం వారం చాలు చేస్తనే ఉన్నం."

"చాలు చేసి?"

"అయిదు నిమిషాలుంచి బంద్ చేస్తం."

"శుక్రారమా, ఆయితారమా?"

"శుక్రారం."

దశరథం గట్టిగా నవ్వాడు. "మా ఇంట్ల సుత శుక్రారమే! నేను మస్కట్ల ఉంటే నా బండి గిట్లనే పాయె. మన దిక్కు దుబాయోళ్ల బండ్లన్నిటికీ గిదే రోగం. అయిదు నిమిషాలల్ల ఇంజిన్ వేడే ఎక్కది. కాలీ కాలని పెట్రోలు మసై, జిగురై, ఇంజెక్టర్ల మూతులకు పడుతది. సన్నటి జల్లు కొట్టాల్సినయి బొట్లు బొట్లు కారుతున్నయి. నువ్వు నడిపి ఖరాబ్ చెయ్యలే బిడ్డా. నడపక ఖరాబయింది."

నిన్నటి నుంచీ రాని ఏడుపు ఆ మాటకు వచ్చింది. శ్రీలత పక్కకు తిరిగి కొంగుతో కళ్లు తుడుచుకుంది. దశరథం చూడనట్టే లేచి బానెట్ ఎత్తాడు. ఇంజిన్ నడుస్తుండగానే ఒక్కో ఇంజెక్టర్ వైరు పీకి మళ్లీ పెట్టాడు. పీకిన ప్రతిసారీ ఇంజిన్ కుంగింది, మూడోదానికి మాత్రం కొంచెమే కుంగింది.

"నాలుగూ బతికే ఉన్నయి. మూడోది జర బలహీనం. మార్చుడెందుకు? కడుగుదాం." అల్మారాలోంచి అరచేయంత సీసా తీశాడు. "గీ మందు పెట్రోల్ల కలిపి పోస్తరు. మాయేం కాదు. సచ్చిన ఇంజెక్టర్‌ను లేపది. మసి పట్టినదాన్ని కడుగుతది, గంతే. అది సుత ఒక్క షరతు మీద."

"ఏంది కాకా?"

"ఇంటి ముందట నిలవెట్టి గుర్రుమనిపిస్తే దండుగ. టాంకి నిండ పెట్రోలు పోసి, మంచి రోడ్డు మీద, ఒక్క తీరు వేగంల, టాంకి అడుగుకచ్చేదాక తిప్పాలె. ఒక్క సీస సాలు, రెండు పోస్తే ఎక్కువ సాపైతదనుకోకు. మసి ఊడేటప్పుడు తొలుత ఇంకింత కుదుపుతది, బుగులు వడకు. ఎవరు తోల్తరు?"

"నేనే," అంది శ్రీలత.

పాత పెట్రోలు చాలావరకు దింపించి, ఫిల్టరు మార్పించి, టాంకులో సీసా మందు పోయించుకుని ఆమె ఎదురుగా ఉన్న బంకుకు వెళ్లి టాంకు నింపించింది. వైద్యం తెలిసింది కదా, ఇంటికొచ్చి చెప్పింది. శుక్రవారాల సంగతి మాత్రం చెప్పలేదు. పంతొమ్మిది నెలలు మోకాళ్ల నొప్పితో వంగి టైర్లకు పసుపు రాసిన మనిషితో ఆ మాట ఎట్లా అంటుంది? ఊరికే నిలబడ్డందుకు మసి పట్టిందట అని ఊరుకుంది.

"సీసల మందుతోని బాగైతే గిన్ని షెడ్లెందుకు?" అన్నాడు జలపతి. అయినా శుక్రవారం దాకా గడువిచ్చాడు. తల్లిని పక్కకు పిలిచి, "నువ్వు ఎంబడి పో అమ్మా. యాడ ఆగితే ఆడ్నుంచి ఫోన్ చెయ్యి," అన్నాడు.

అట్లా మంగళవారం పొద్దున్న అత్తాకోడళ్లు బయల్దేరారు. కోరుట్ల నుంచి జగిత్యాల, అక్కడి నుంచి వేములవాడ మీదుగా సిరిసిల్ల, మళ్లీ కోరుట్ల. లసుమవ్వ వెనక సీట్లో రెండు చేతులతో ముందు సీటును పట్టుకుని కూర్చుంది. దశరథం చెప్పినట్టే కారు నిన్నటికంటే ఎక్కువ కుదిపింది. సిరిసిల్ల గాంధీ చౌక్‌లో నిలువునా ఆగిపోయింది. లసుమవ్వ ఫోన్ చేతిలోకి తీసుకుంది. అద్దంలో కోడలి మొహం చూసింది. ఏమనుకుందో ఏమో, ఫోన్ సంచిలో వేసేసింది.

"ఇంకోపారి తిప్పు," అంది. తిప్పితే అంటుకుంది.

శ్రీలత తండ్రి ఎల్లేశం నలభై ఏళ్లు సాంచాలు బాగుచేసిన మనిషి. కారు గురించి ఆయనకు ఏమీ తెలియదు, చప్పుడు గురించి అన్నీ తెలుసు. గుమ్మంలోనే నిలబడి తల వంచి విన్నాడు. "మూడు కొట్టి ఒకటి తప్పుతున్నది," అన్నాడు. మూడోది బలహీనమని దశరథం అన్నది కూతురు ఆయనకు చెప్పనే లేదు.

బుధవారం జగిత్యాలలో దశరథానికి ఇంజిన్ వినిపించడానికి ఆగారు. శ్రీలత ఎదురు దుకాణంలో నీళ్ల సీసా కొనుక్కుని వచ్చేసరికి అత్తమ్మ స్టూలు మీద కూర్చుని దశరథంతో మాట్లాడుతోంది. అక్కడి నుంచి సిరిసిల్ల దాకా ఆమె మోకాళ్ల మీది తన చేతులనే చూసుకుంటూ కూర్చుంది. మోకాళ్లు నొస్తున్నాయేమో అనుకుంది శ్రీలత. కారు ఆ రోజు ఎక్కడా ఆగలేదు. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం రెండుసార్లు దగ్గింది. "అప్పుడప్పుడు తప్పుతున్నది," అన్నాడు ఎల్లేశం.

గురువారం లసుమవ్వ వెనక తలుపు తీయలేదు. ముందుకొచ్చి కూర్చుని, బెల్టు ఎట్లా పెట్టుకోవాలో అడిగింది. వేములవాడ దాటాక రోడ్డు ఖాళీగా దొరికింది. శ్రీలత మెల్లగా తొక్కింది. కుదుపు లేదు, దగ్గు లేదు, కాలు ఎంత అడిగితే కారు అంత ఇచ్చింది. ఆమెకు గట్టిగా అరవాలనిపించింది, అత్తమ్మ పక్కనుందని ఆపుకుంది.

"జర తొక్కు," అంది అత్తమ్మ.

సిరిసిల్లలో ఎల్లేశం ఈసారి చాలాసేపు విన్నాడు. బానెట్ మీద చెయ్యి వేసి మళ్లీ విన్నాడు. "తప్పుతలేదు బిడ్డా," అన్నాడు. ఆయన మెచ్చుకోలు ఎప్పుడూ అంతకు మించదు. సాయంత్రం కోరుట్ల పొలిమేరలోకి వచ్చేసరికి పెట్రోలు దీపం వెలిగింది.

శుక్రవారం రానే వచ్చింది. మెట్‌పల్లి మనిషి గేటు దగ్గర నిలబడ్డాడు, పక్కనే జలపతి. లసుమవ్వ ఎప్పటిలాగే తలస్నానం చేసి, పసుపు రాసి, పళ్లేన్ని బానెట్ మీద పెట్టింది. ఫోన్లో రాజేశ్‌ను పిలిచింది. పొద్దున్నే బంకులో పెట్రోలు పోయించుకుని వచ్చిన శ్రీలత లోపల కూర్చుంది. తాళం తిప్పింది.

ఒక నిమిషం గడిచింది.

"ఏందే, ఇంక చాలు చెయ్యలేదా?" అన్నాడు రాజేశ్ ఫోన్లోంచి.

"మల్ల మొరాయించిందా?" అన్నాడు జలపతి గేటు దగ్గరి నుంచి.

లసుమవ్వ పళ్లెం చూసింది. గంట కదలలేదు. భరిణె పెట్టినచోటే ఉంది. వంగి బానెట్ మీద పసుపు చెయ్యి ఆనించింది, అక్కడే చెవి ఆనించింది. లేచి నిలబడినప్పుడు ఆమె చెంపకు పసుపు అంటుకుని ఉంది.

"చాలు చేసి శానాసేపాయెరా! నీకు ఇనవడుతలేదంటే బండి బాగైనట్టు!"

మెట్‌పల్లి మనిషి గబగబా వచ్చి తొంగి చూశాడు. "అన్నా, ఇప్పుడే తీస్కపోత," అన్నాడు. జలపతి తల్లి వైపు చూశాడు. తల్లి గడియారం వైపు చూసింది. అయిదు నిమిషాలు అయ్యాయి. అలవాటు కొద్దీ శ్రీలత చెయ్యి తాళం మీదికి వెళ్లింది.

"బంద్ చెయ్యకు!" అని అరిచింది లసుమవ్వ. "గీ అయిదు నిమిషాలే దీన్ని పండవెట్టినయి. అన్నీ చెప్పిండు నాకు దశరథం. పంతొమ్మిది నెలలు దీన్ని ఖరాబ్ చేసింది నేను. నాలుగొద్దులల్ల బాగు చేసింది నా కోడలు. జలపతీ, గీ మాట నీ నోటితోని నలుగురికి చెప్పు. అమ్ముడు లేదు, గిమ్ముడు లేదు."

జలపతి గేటుకు అడ్డంగా ఉన్న తన స్కూటర్‌ను తనే పక్కకు నెట్టి, గేటు రెండు రెక్కలూ బార్లా తీశాడు. "జర సైడియ్యన్నా," అన్నాడు మెట్‌పల్లి మనిషితో. "మా శ్రీలత బండి తీస్తున్నది."

లసుమవ్వ పళ్లెం దించి జలపతి చేతుల్లో పెట్టింది. "గా టార్పాలిన్ కట్టెల మీద కప్పుండ్రి," అని చెప్పి, ముందు సీట్లో కూర్చుని బెల్టు తనే పెట్టుకుంది.

"ఎటు పోదాం అత్తమ్మా?"

"ధర్మపురికి. రేపు మల్ల ఎటన్న పోదాం."

"అమ్మా, ఎటు పోతున్నరే? అమ్మా!" అంటున్నాడు ఫోన్లో రాజేశ్.

"అచ్చినంక చెప్తం," అని లసుమవ్వ ఫోన్ పెట్టేసింది.

టీ హోటలు దగ్గర ఆదివారం కారు నెట్టిన నలుగురూ గ్లాసులు పట్టుకుని కూర్చునే ఉన్నారు. శ్రీలత కిటికీ అద్దం కిందికి దించి, వాళ్లందరూ చూస్తుండగా గట్టిగా ఒక్క హారన్ కొట్టి, ఆగకుండా పెద్ద రోడ్డెక్కింది.