పది గంటల సైరన్

మా ఊరికి పైన ఆనకట్ట ఉంది. అది తెగితే నీళ్ళు మా వీధికి చేరడానికి ఇరవై రెండు నిమిషాలు పడుతుందని లెక్కగట్టినవాళ్ళు చెప్పారు. అందుకని ప్రతి నెలా మొదటి సోమవారం పొద్దున పది గంటలకు సైరన్ మోగిస్తారు. మోగగానే ఎవరి సంచి వాళ్ళు తీసుకుని మిట్ట మీది స్కూలుకు చేరాలి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వే రకం కదా మనం, మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. పోయినేడు పక్క ఊళ్ళో చిన్న కట్ట ఒకటి తెగి పదకొండు ఇళ్ళు పొయ్యి మీది గిన్నెలతో సహా కొట్టుకుపోయాక అందరికీ బుద్ధొచ్చింది.

మా సంచి నేనే సర్దాను. ప్లాస్టిక్ కవర్లో కాగితాలు, జ్వరం మాత్రలు, టార్చి, నీళ్ళ సీసా, మా పాప చిట్టికి ఒక జత బట్టలు, బిస్కెట్లు. బిస్కెట్లు వారం వారం మళ్ళీ పెడతాను, ఎందుకంటే వారం వారం మాయమవుతాయి. దొంగకు నాలుగేళ్ళు. ప్లాను కూడా నాదే. నేను ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తాను, అది ఎత్తు మీదుంది కాబట్టి నా సంగతి సరే. మా ఆయన ఇంటి ముందు షెడ్డులో రేకుతో డబ్బాలు, బకెట్లు చేస్తాడు. నేను లేనప్పుడు చిట్టి ఆయన దగ్గరే ఉంటుంది. సైరన్ మోగితే పిల్లని ఎత్తుకుని, సంచి భుజాన వేసుకుని మిట్టెక్కడం ఆయన పని. ఆ ఒక్కటీ నమ్ముకుని నేను నిశ్చింతగా డ్యూటీకి వెళ్ళేదాన్ని.

మా వరసలో ఏడు షెడ్లు, అన్నీ రేకుల పనివే. "మీ వరసని చూసి మిగతావాళ్ళు నేర్చుకోవాలి. సైరన్ మొదలయ్యేసరికే గుమ్మాల్లో ఉంటారు" అని ఊరి వరద కమిటీ మేడమ్ మీటింగులో మెచ్చుకుంది కూడా. మా ఆయన వారం రోజులు కాలరెగరేసుకు తిరిగాడు.

ఒక నెల ఆ సోమవారం లాండ్రీలో బాయిలర్ పాడై నాకు మధ్యాహ్నం డ్యూటీ వేశారు. ముందురోజు సాయంత్రం మైకు బండి వచ్చి, రేపు సైరన్ పదికి కాదు, పదిన్నరకి అని చెవులు చిల్లులు పడేలా అరిచి పోయింది. వీధంతా విన్నదే కదా అని నేను ఇంట్లో మళ్ళీ చెప్పలేదు.

మర్నాడు పదయింది. మా ఆయన గోడ గడియారం చూశాడు. సుత్తి కింద పెట్టి, చిట్టిని చంకనేసుకుని, సంచి తగిలించుకుని గుమ్మం దాటాడు. పక్క షెడ్డులోంచి పెద్ద మేస్త్రి బయటికొచ్చాడు. ఆయన వెనకే ఇంకొకరు, ఆపైన ఇంకొకరు. వరసంతా సంచులతో వీధిలో పడింది. సైరన్ లేదు, ఏ చప్పుడూ లేదు. సందు చివర బండి దగ్గర ఇస్త్రీ పెద్దమ్మ నోరెళ్ళబెట్టి చూస్తోంది.

నాకు నవ్వాగలేదు. "ఎవరి పెళ్ళికయ్యా, అందరూ కట్టగట్టుకుని బయల్దేరారు?" అని వెనక నుంచి కేకేశాను. ఆయన తిరగలేదు. మళ్ళీ పిలిచాను. చిట్టి నన్ను చూసి, రెండు చేతులతో వాళ్ళ నాన్న గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది.

"నాన్నా, అమ్మ పిలుస్తోంది."

అప్పుడు తిరిగాడు. ఆ పిల్ల ఆయనతో ఏం చెప్పాలన్నా అలాగే గడ్డం పట్టుకునేది. గారాం అనుకునేదాన్ని. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

లోపలికి తీసుకొచ్చి, "సైరన్ విన్నావా?" అని అడిగాను.

"వినకేం? మోగిందిగా."

నేను వెనక్కి తిరిగి గోడకేసి చూస్తూ, "సంచి కింద పెట్టు" అన్నాను. కాసేపాగి తిరిగి చూస్తే సంచి ఆయన భుజానే ఉంది. నా మొహం చూడగానే ఆయనకి అర్థమైపోయింది. మంచం మీద కూలబడ్డాడు.

"ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళు దాటింది. ఈ రేకుల మోతకే. ఎదురుగా ఉండి మాట్లాడితే తెలుస్తుంది. దూరానివి ఏవీ తెలీవు."

"ఆనకట్ట నీలాగా గడియారం చూసుకుని తెగుతుందా? ఏ మంగళవారమో, ఏ మూడు గంటలకో తెగితే నా పిల్ల ఏమైపోవాలి?"

"చెప్తే దాన్ని నా దగ్గర వదిలేదానివా?"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నీకు చెప్పడం అని రోజుకు పదిసార్లు దెప్పినదాన్ని నేనే. అన్నప్పుడల్లా నవ్వేవాడు. సిగ్గుతో నా తల కొట్టేసినట్టయింది. కోపం మాత్రం తగ్గలేదు.

పదిన్నరకి సైరన్ నిజంగానే మోగింది. కిటికీ అద్దాలు అదిరాయి, చిట్టి చెవులు మూసుకుంది. ఆయన మంచం మీద తల వంచుకుని తన చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ రెండు నిమిషాలూ ఆయన్నే చూస్తూ నేను చిట్టిని దగ్గరికి లాక్కున్నాను.

సైరన్ ఆగాక ఎదురుగా నిలబడి చెప్పాను. "కమిటీ దగ్గర జాబితా ఉంది. సైరన్ మోగితే సాయం కావలసినవాళ్ళది. అందులో పేరు రాయించుకో. అప్పటిదాకా పిల్ల నాతోనే ఉంటుంది."

"మంచాన పడ్డవాళ్ళ పక్కన నా పేరా? రేపు వరసలో తలెత్తుకోగలనా?"

"నీ తల సంగతి నాకెందుకు? నాకు పిల్ల ముఖ్యం."

అనకూడని మాట. అనేశాను. మర్నాటి నుంచి చిట్టిని లాండ్రీకి తీసుకెళ్ళాను. వేడి ఆవిరిలో, ఉతకాల్సిన దుప్పట్ల మూటల మధ్య కూర్చోబెట్టాను. "ఇది లాండ్రీయా, పిల్లల బడా?" అని సూపర్‌వైజర్ మొదటి రోజే గొణిగాడు. నాలుగో రోజు మాత్రం తేల్చి చెప్పేశాడు. సోమవారం పిల్లతో వస్తే ఇద్దరం కలిసే వెనక్కి పోవాలట. చిట్టికి ఆ గొడవేం పట్టలేదు. మూట మీద కూర్చుని, "అమ్మా, ఇంటికి ఎవరైనా వచ్చి పిలిస్తే నాన్నకెలా తెలుస్తుంది?" అని అడిగింది. నేను దుప్పటి మడత పెడుతూ ఏడ్చాను.

ఇంట్లో ఆయన నాతో మాట్లాడలేదు, సరిగ్గా తినలేదు. షెడ్డులో సుత్తి కూడా పట్టలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో ఆ వారం తెలిసింది. పిల్లని వదిలితే ప్రాణభయం, వదలకపోతే పనిపోతుంది. అన్నిటికంటే, కూతుర్ని నమ్మి ఇవ్వని భార్యతో ఆయన ఎన్నాళ్ళుంటాడు?

ఆదివారం స్కూలు గదిలో కమిటీ మీటింగు. నేను చిట్టితో ముందు బెంచీలో కూర్చున్నాను. ఆయన ఆలస్యంగా వచ్చి, వరసవాళ్ళతో కలిసి వెనక గోడకు ఆనుకున్నాడు. చివర్లో మేడమ్ జాబితా తీసి, "కొత్తగా రాయించుకునేవాళ్ళున్నారా?" అని అడిగింది. ఎవరూ కదల్లేదు. నేను వెనక్కి తిరిగి చూశాను. ఆయన కళ్ళు నా మీదే ఉన్నాయి. మేడమ్ అడిగింది ఇదీ అని పెదాలతో చెప్పగలను. చెప్పలేదు. ఆ మాట ఆయన నోటి నుంచే రావాలని పంతం పట్టాను.

మేడమ్ జాబితా మడవబోయింది. అది చూశాడేమో, ఆయన గోడ వదిలి బెంచీల మధ్య నుంచి నడుచుకుంటూ టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"నాకు చెవులు వినబడవు. నా పేరు రాయండి" అన్నాడు. తన గొంతు తనకు తెలియక మరీ గట్టిగా అన్నాడు. గది ఉలిక్కిపడింది.

మేడమ్ తల వంచి రాసుకుంటూ ఏదో అడిగింది. ఆయన పలకలేదు. మళ్ళీ అడిగింది. ఏం చెయ్యాలో తెలియక ఆయన ఆమె పాపిట వైపు చూస్తూ నిలబడిపోయాడు. నేను లేవబోయేంతలో వెనక నుంచి పెద్ద మేస్త్రి గొంతు వినబడింది.

"అమ్మా, తల వంచుకుని అడిగితే అతనికి తెలీదు. తలెత్తి, మొహం చూసి అడుగు. మాక్కూడా అలాగే అడుగు."

అని, కర్ర ఊతంగా వచ్చి మా ఆయన వెనక నిలబడ్డాడు. తర్వాత గోడకు ఆనుకున్న మిగతా ఐదుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా వచ్చి మేస్త్రి వెనక చేరారు. వాళ్ళ భార్యలు నాలాగే కొయ్యబారిపోయారు.

మేడమ్ కలం ఆపి, తలెత్తి నెమ్మదిగా అడిగింది. "సైరన్ మోగితే మీకు ఎవరు చెప్తారు?"

"నేనున్నాగా!" అంది ఇస్త్రీ పెద్దమ్మ లేచి. "పొద్దస్తమానం ఆ సందులోనే ఉంటా. ఒక్కొక్కడి వీపు మీద నాలుగు బాదుకుంటూ పోతా."

ఎవరో నవ్వారు. మేడమ్ అది రాసుకుని, మళ్ళీ తలెత్తింది.

"ఇంట్లో చిన్నపిల్ల ఉంది కదా. పిల్లని మిట్ట మీదికి తీసుకొచ్చేది ఎవరు?"

ఆయనకి ప్రశ్న అర్థమైంది. నా వైపు తిరిగాడు. వారం నుంచి సరిగా చూడని మొహాన్ని అప్పుడు నేరుగా చూశాను. భయం నాకు పోలేదు, ఇప్పటికీ పోయిందని చెప్పను. చిట్టిని ఎత్తుకుని వెళ్ళి, నా మొహం ఆయనకు బాగా కనబడేలా ఎదురుగా నిలబడ్డాను.

"వాళ్ళ నాన్న" అన్నాను. "వాళ్ళ నాన్న అని రాయండి."