దూది స్నానం

వదినా ఆడపడుచూ కలిసి వ్యాపారం పెట్టడమే ఒక వింత, అందులోనూ కుక్కల వ్యాపారం. ఈ ఇద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. అయినా పెట్టారు. తండ్రి రాసిచ్చిన షెడ్డు ఆడపడుచుది, పనితనం వదినది. ఒకరికి అన్న, ఇంకొకరికి మొగుడు అయిన పెద్దమనిషి "మీరిద్దరూ కలిస్తే తిరుగులేదు" అని రెండు వైపులా ఎగదోసి, తన ఉద్యోగానికి తాను చక్కా పోయాడు.

షెడ్డు మధ్యలో గాజు తలుపు బిగించారు. అటు డే కేర్. పొద్దున పనికి పోతూ కుక్కల్ని వదిలి, సాయంత్రం తీసుకెళ్ళేవాళ్ళ కోసం. రబ్బరు నేల, నీళ్ళ గిన్నెలు, పాత పరుపులు, వాటి నడుమ రాణిగారిలా ఆడపడుచు. ఇటు గ్రూమింగ్. ఎత్తుబల్ల, స్నానం తొట్టి, డ్రయ్యర్, కత్తెరలు, వాటితో వదిన. ఆమె ఏళ్ళ తరబడి ఇంకొకరి దుకాణంలో గొడ్డుచాకిరీ చేసింది. గోళ్ళు తీస్తుంటే కరిచిన కుక్కల పళ్ళ గుర్తులు మోచేతుల దాకా ఉన్నాయి. ఆ రోజులన్నీ సొంత బల్ల ఒకటి కావాలనే కలతోనే గడిపింది. ఇప్పటికి దొరికిన బల్ల ఇది. ఇదీ పోతే మళ్ళీ ఎవరి ముందో చేతులు కట్టుకుని నిలబడాలి.

మొదటి వారంలోనే మాటామాటా పెరిగింది. బిస్కెట్లు పెట్టి కుక్కల్ని నెత్తికెక్కించుకుంటున్నావని వదిన అంది. నీ డ్రయ్యర్ మోతకి అవి హడలి చస్తున్నాయని ఆడపడుచు అంది.

"నీ పక్క నువ్వు చూసుకో, నా పక్క నేను చూసుకుంటా. నాకు పాఠాలు చెప్పకు వదినా."

"చెప్పను తల్లీ. నీ పక్క ఏం తగలబడినా నోరు విప్పితే ఒట్టు."

ఇలాంటి ఒట్లు గట్టిగా నిలబెట్టుకుంటారు మనుషులు. మంచి ఒట్లయితే మర్నాటికే మరిచిపోతారు.

దూది అనేది పళ్ళ డాక్టరమ్మ గారి కుక్క. తెల్లటి బొచ్చు నేలను రాస్తూ ఉంటుంది. ఆ బొచ్చంటే ఆవిడకు ప్రాణం. రోజూ డే కేర్‌లో వదులుతుంది. శనివారం గ్రూమింగ్ కూడా చేయిస్తానని మాటిచ్చింది. ఊళ్ళో సగంమంది ఆవిడ ముందు నోరు తెరిచేవాళ్ళే. బాగుందని ఆవిడ ఒక్క మాట వేస్తే వదిన బల్ల ఇక ఖాళీగా ఉండదు.

శుక్రవారం వాన పడింది. దూది పెరట్లోకి దూరి బురదలో పొర్లింది. ఆడపడుచు దాన్ని పట్టుకుని నీళ్ళ గొట్టం తిప్పింది.

వదిన గాజు తలుపులోంచి అంతా చూసింది. పొడుగు బొచ్చు కుక్కని దువ్వకుండా తడపకూడదు. చంకల్లో, చెవుల వెనక ఉన్న చిన్న చిన్న చిక్కులు నీళ్ళు తగిలితే బిగుసుకుంటాయి. ఆ పైన తువ్వాలుతో రుద్దితే మొత్తం అట్టకడుతుంది. "ఆగమ్మాయ్, ముందు దువ్వాలి" అంటే సరిపోయేది. అనలేదు. కత్తెర తుడుచుకుంటూ నిలబడింది. పోయనీ, రేపు నా కాళ్ళబేరానికి రాక ఎక్కడికి పోతుంది అనుకుంది. అలా అనుకుంటుంటే కడుపులో చల్లగా కూడా ఉంది.

దూది తడి ఆరకుండానే ఇంటికి పోయి, ఎక్కడెక్కడ పొర్లిందో ఏమో, మర్నాడు బల్లెక్కిస్తే దువ్వెన దిగలేదు. మెడ నుంచి తోక దాకా ఒకటే అట్ట. అడుగు వేస్తే తోలు లాగి కుయ్యోమంటోంది. నాలుగు చిక్కులు పడతాయనుకుంది గానీ వదిన ఇంత అనుకోలేదు.

ఆడపడుచు తలుపు తోసుకుని వచ్చింది. "ఎలాగోలా దువ్వెయ్."

"దువ్వితే తోలూడొస్తుంది. ఎవరు నీళ్ళు పోయమన్నారు నిన్ను?"

"ఎవరు వద్దన్నారు?"

వదిన డాక్టరమ్మకు ఫోను చేసింది. ఆవిడ చేతులు ఎవరి నోట్లో ఉన్నాయో, ఎత్తలేదు. దూది బాధ చూడలేక బొచ్చు గొరిగే మిషన్ పెట్టింది. బొచ్చు రాలలేదు, గొంగళిలా ఒకే పొరగా లేచొచ్చింది. లోపలి దూది సగానికి సగమై, అక్కడక్కడా ఎర్రగా కమిలి, గజగజ వణుకుతూ బయటపడింది.

డాక్టరమ్మ వచ్చి చూసి కొయ్యబారింది. "ఇది నా దూదేనా? ఎవరు చేశారీ పని?"

"నేనే గొరిగానండి, అట్టకట్టేసింది. దువ్వకుండా స్నానం చేయించారు మరి" అని వదిన గడ్డంతో ఆడపడుచుని చూపించింది. అది ఇప్పుడు అడ్డంగా బొంకుతుందనీ, దాన్ని చీల్చి చెండాడొచ్చనీ కాచుకుని ఉంది.

ఆడపడుచు బొంకలేదు. "అవునండి, నేనే నీళ్ళు పోశా. బురదతో పంపడం ఇష్టంలేక పోశా. నాకు తెలీదు." తర్వాత వదిన వైపు తిరిగింది. "నువ్వు తలుపు దగ్గరే ఉన్నావుగా. కత్తెర తుడుచుకుంటూ చూస్తూనే ఉన్నావుగా. నాకైతే తెలీదు. నీకు తెలుసు. నా మీద కసి ఉంటే నా మీద తీర్చుకో, నోరులేని దాని మీదా?"

"నిజమేనా?" అంది డాక్టరమ్మ.

లేదంటే సరిపోయేది, సాక్ష్యం ఎవరున్నారు గనక. కానీ దూది వణుకు బల్లమీదుగా వదిన అరచేతిలోకి తెలుస్తోంది. "చూశానండి" అంది. సిగ్గుతో తల వాలిపోయింది. అప్పుడు కూడా ఆడపడుచు పీక నొక్కేయాలనే ఉంది.

డాక్టరమ్మ దూదిని కోటులో చుట్టుకుని వదిన వైపు తిరిగింది. "ఈవిడ దగ్గరైతే వదులుతాను. మీ చెయ్యి మాత్రం ఇంక దీని మీద పడకూడదు" అని వెళ్ళిపోయింది.

ఆవిడ అటు మెట్లు దిగగానే నల్ల కుక్కని లాక్కుంటూ ఒకాయన ఇటు ఎక్కాడు. "గోళ్ళు తీయించాలండి. ఇక్కడ గ్రూమింగ్ చేసేదెవరు?"

మోచేతుల దాకా తెల్ల బొచ్చుతో, చేతిలో మిషన్‌తో వదిన ఒక అడుగు ముందుకేసింది.

"ఇంకా ఎవరినీ పెట్టుకోలేదండి" అంది ఆడపడుచు నవ్వుతూ, వదిన వైపు చూడకుండానే. "మంచి మనిషి దొరికాక కబురు చేస్తాం."

ఆయన వదిననీ, ఆమె చేతిలోని మిషన్‌నీ మార్చిమార్చి చూసి, ఏమీ అర్థంకాక కుక్కని తీసుకుని మెట్లు దిగాడు.