వియ్యపురాళ్ళ మడత చాకు

టైలరమ్మకి ఎంత పెద్ద కత్తెరన్నా లెక్కలేదు గాని, వియ్యపురాలంటే మాత్రం హడలు. ఆవిడ ముప్ఫై ఏళ్ళు లెక్కల టీచరుగా చేసి రిటైరైన మనిషి. మాట కూడా స్కేలు పెట్టి గీసినట్టే ఉండేది. టైలరమ్మ కూతుర్ని టీచరు కొడుక్కిచ్చి రెండేళ్ళయినా, వాళ్ళిద్దరి మధ్యా "బాగున్నారా", "బాగున్నాం" తప్ప మూడో ముక్క దొర్లలేదు. ఇప్పుడు వాళ్ళకి మనవరాలు పుట్టింది. చూసి రావడానికి ఇద్దరూ ఎదురెదురుగా పొద్దుటినుంచి సాయంత్రందాకా రైల్లో కూర్చోవాలి.

ప్రయాణానికి ముందురోజు టీచరు ఫోను చేసింది. "దారిలో పళ్ళు కోసుకోడానికి మడత చాకు కొందాం, వదినగారూ. మీరూ రండి. పదును సంగతి మీకే తెలుస్తుంది."

కాదనలేక టైలరమ్మ బయల్దేరింది. పోతూ పోతూ సంచిలో ఒక యాపిలు పడేసుకుంది.

తాళాలూ గొళ్ళేలూ మేకులూ అమ్మే కొట్టది. కొట్టాయన ముందుగా తళతళలాడే చాకొకటి తీసి, పువ్వు విప్పినట్టు విప్పాడు. "ఇందులో పదకొండు పనిముట్లున్నాయండీ!"

"పదకొండిట్లో పండు కోసేవి ఎన్ని?" అంది టీచరు.

"ఒకటేనండీ."

"అయితే మిగతా పదీ మాకెందుకు? లోపల పెట్టెయ్యండి."

టైలరమ్మకి నవ్వొచ్చింది గాని, బిగబట్టుకుంది. రెండో చాకు అంచుమీద బొటనవేలు అడ్డంగా ఆనించి చూసింది. "పదునుంది. కాని ఇది తుప్పు పట్టే ఇనుము. పులుపు తగిలితే నల్లబడుతుంది."

మూడోది స్టీలుది, చవక. తెరవడానికి అలుగుమీద, అంటే కోసే రేకుమీద, గోరుపెట్టి లాగే గాడి ఉంది. టైలరమ్మది ఎడమచేతి వాటం. ఎడమ బొటనవేలు ఆనేవైపు గాడి లేదు. చెయ్యి మార్చి, కుడిచేతి గోటితో లాగబోయింది. సగం తెరుచుకున్న అలుగు టప్పున మూసుకుంది. వేలు తెగడం వెంట్రుకవాసిలో తప్పింది.

"ఎడమచేతి వాటమా అమ్మా? అయితే కష్టమే!" అని కొట్టాయన నవ్వాడు.

టైలరమ్మ మొహం చిన్నబోయింది. ఆ చేత్తో రాసినందుకు చిన్నప్పుడు బళ్ళో తిన్న దెబ్బలు ఇన్నీ అన్నీ కావు. పోయి పోయి ఒక టీచరు ముందే బయటపడాలా అనుకుంది.

"గాడి ఒక్కపక్కే పెట్టింది చాకు చేసినవాడు. మధ్యలో ఆవిడ చెయ్యేం చేసింది?" అంది టీచరు.

అంతటితో ఊరుకోలేదు. గాజుబల్ల వెనక్కి వెళ్ళి తనే డబ్బాలన్నీ వెతికింది. చివరికి కర్రపిడి చాకొకటి పట్టుకొచ్చింది. స్టీలు అలుగు, జానెడు కూడా లేదు. అలుగు వీపు రెండు వేళ్ళతో పట్టి లాగితే చాలు, ఏ చేతికైనా వస్తుంది. పిడి చివరనున్న కడియం తిప్పితే అలుగు కదలకుండా బిగుసుకుంటుంది. ధర మొదటిదాంట్లో పావు వంతు కూడా లేదు.

టైలరమ్మ యాపిలు తీసింది.

"కొనకముందే కోస్తారా అమ్మా?"

"చెప్పులు కొనేముందు కాలు పెట్టి చూడమా, నాయనా?" అంటూ ఎడమచేత్తో తొక్క తీసింది. ఎక్కడా తెగకుండా రిబ్బనులా జారింది. కొట్టాయన నోటికీ ఒక ముక్క అందడంతో, నమలుతూనే చాకు పొట్లం కట్టిచ్చాడు.

బయటికొచ్చాక టీచరు నడక నెమ్మదించింది. "ఉద్యోగం కొత్తలో, ఎడమచేత్తో రాస్తోందని ఒక పిల్లని కొట్టాను, వదినగారూ. కుడిచేత్తో రాయించాను. లెక్కలన్నీ తప్పులు. మర్నాడు నీకెలా వీలైతే అలా రాయమన్నాను. అన్నీ ఒప్పులే."

"ఎన్ని దెబ్బలేశారు?"

"రెండు. ఇప్పటికీ మనసులో మెదులుతుంటాయి."

"నాకు పడ్డవాటి ముందు మీ రెండూ ఓ మూలకి రావు లెండి!" అని టైలరమ్మ పకపకా నవ్వింది. టీచరు కూడా నవ్వేసింది.

మర్నాడు రైల్లో టీచరు తనే కోస్తానని చాకు పుచ్చుకుంది.

"తొక్క తీస్తున్నారా, పెన్సిలు చెక్కుతున్నారా?" అంది టైలరమ్మ. ఆ నవ్వులకి పైబెర్తులో పడుకున్నాయన ఉలిక్కిపడి లేచాడు. ఆయనకి నాలుగు ముక్కలిచ్చి ఊరుకోబెట్టారు. కబుర్లలోపడి బాలింతకని కొన్న పళ్ళు కూడా ఒక్కొక్కటే లాగించేశారు.

రైలు దిగేసరికి సంచిలో తొక్కలే మిగిలాయి. స్టేషను బయట పళ్ళబండి దగ్గర వియ్యపురాళ్ళిద్దరూ ఒకరు ఏరుతుంటే ఒకరు బేరమాడుతూ నిలబడ్డారు. తీసుకెళ్ళడానికొచ్చిన అబ్బాయి, అమ్మా అత్తా ఎక్కడ తప్పిపోయారోనని ప్లాట్‌ఫారమంతా వెతుకుతూనే ఉన్నాడు.