గంట ముందు

రెండు బకెట్ల నీళ్లు తొట్టిలో ఒంపి వెనక్కి తిరిగేసరికి మూడో బకెట్ లేదు. ఎక్కడికి పోతుంది? కాళ్లొచ్చి నడిచిందా?

"దీని దుంప తెగ! ఆ డబ్బాల సారు దీన్నీ పట్టుకుపోయాడు!" అనుకుంది గంటమ్మ.

ఆమెకూ ఒక పేరుండేది లెండి. హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా వరండాలో వేలాడే రైలు పట్టా ముక్కను ఇనుప కడ్డీతో కొట్టడం, బడి ఊడ్చడం, నీళ్లు పట్టడం ఆమె పని. బక్క మనిషి. కుడి చెయ్యి మాత్రం ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టు లావుగా ఉండేది. కడ్డీ పిడికి తన పాత చీర పేలిక చుట్టుకుంది. బొటనవేలు ఆనీ ఆనీ ఆ పేలికలో చిన్న గుంట పడింది.

ఆమె కొట్టే గంటకు ఈ రోజే ఆఖరు. ఆఫీసు తలుపు మీద కరెంటు గంట బిగించేశారు. రేపటి నుంచి ఎర్ర మీట నొక్కితే చాలు.

అదీ పెద్ద బాధ కాదు. ఏ మాటకామాట చెప్పుకోవాలి, ఆమె కడుపుమంటంతా ఆ డబ్బాల సారు మీద. అతను రాకముందు పిల్లలు ఇంటర్వెల్‌లో ఆమె ముందు చేతులు చాచి వరసకట్టేవాళ్లు. "గోళ్లు చూపించు, గంట కొట్టు" అనేది ఆమె షరతు. శుభ్రంగా ఉన్నవాళ్లకు గంట మీద ఒక దెబ్బ. లేనివాళ్లకు మొలలో దోపుకున్న నెయిల్ కట్టర్‌తో తనే తీసి, అప్పుడు ఒక దెబ్బ.

ఆ సారు పాటలు నేర్పడానికి వచ్చాడు, వరస మాయమైంది. పాట గది అని పేరేగాని అది విరిగిన బల్లలు పడేసే కొట్టు. అతని దగ్గరున్న అసలు డప్పు ఒక్కటే. ఏదో దూరదేశానిదట, చెక్క దొప్పకు మేకతోలు. మిగతావన్నీ రంగు డబ్బాలూ, ఈమె బకెట్లూ. వాటి మీదే దేశదేశాల దరువులు నేర్పుతాడు. తోలు మీద మోజుతో తల్లిని మరిచినట్టు పిల్లలు అటే పరుగు.

గంటమ్మ ఊరుకుంటుందా? డప్పుల క్లాసు రోజున ఆమె గడియారానికి కాళ్లొచ్చేవి. క్లాసు అయ్యే గంట రెండు నిమిషాల ముందే టంగుమనేది. హెడ్‌మాస్టరమ్మకు తెలుసు, నవ్వుకుని ఊరుకునేది.

ఆఖరి పీరియడ్‌లో బకెట్ కోసం బయల్దేరింది. పోతూ పోతూ కడ్డీని కూడా సంచిలో వేసుకుంది. ఇక్కడుంచితే దాన్నీ డప్పు పుల్ల చేస్తాడు మరి!

గది గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపల దరువు మొదలవుతోంది, చెదిరిపోతోంది.

"ఆపండర్రా! ఎవరి దారి వాళ్లదేనా?" అంటున్నాడు సారు. చేతిలో చెంచా, స్టీలు గ్లాసు. "ఈ దరువు పుట్టిన చోట గంట ముందు, డప్పులు తర్వాత. గంట తల్లి. తల్లి చెయ్యి వదిలితే పిల్లలు తప్పిపోరూ?"

"గ్లాసు వినపడట్లేదు సార్. గంటమ్మను పిలుద్దామా?" అంది రెండు జడల పిల్ల.

"పిలవాలనే ఉంది. నేను ఎదురైతే చాలు, మొహం తిప్పుకుంటుంది. నేనేం తప్పు చేశానో!"

"మీరు గోళ్లు చూపించలేదు సార్!"

గది గదంతా గొల్లుమంది. గంటమ్మకు ఒళ్లు మండి లోపలికొచ్చింది. "నా బకెట్ ఇలా ఇయ్యి సారూ."

అతను బకెట్ ఇవ్వలేదు. లేచి రెండు చేతులూ చాచాడు. వేళ్లు పగిలి ఉన్నాయి, రెంటికి పట్టీలు. ఆమె వంగి చూసింది.

"చిటికెన వేలిది తియ్యాలి" అని, బకెట్ లాక్కుని చక్కా పోయింది.

నాలుగయింది. సంచిలోంచి కడ్డీ తీసి లాంగ్ బెల్ మొదలెట్టింది. మామూలుగా అయితే పిల్లలు గుమ్మరించినట్టు వచ్చి పడేవాళ్లు. ఇవాళ పాట గదిలోంచి ఒక్కరూ రాలేదు. 'ఆఖరి గంటకు కూడానా!' అని ఇంకో దెబ్బ గట్టిగా వేసింది.

అప్పుడు ఆ కొట్టులోంచి డబ్బాలు అందుకున్నాయి. ఆమె దెబ్బకూ దెబ్బకూ మధ్య.

ఎవరి వెనక ఎవరొస్తారో చూద్దామని ఆమె నెమ్మదించింది. అవీ నెమ్మదించాయి. జోరు పెంచింది. పరుగెత్తుకొచ్చాయి. సారు పెద్ద డప్పు కూడా వాటి వెనకే, అందరికన్నా చివర. అది విన్నాక గాని ఆమె కడుపు చల్లబడలేదు. ఇరవై దెబ్బల గంట ఎన్ని దెబ్బలైందో ఎవరూ లెక్కపెట్టలేదు. చెయ్యి దించింది. అన్నీ ఆగాయి.

పిల్లలు వరండాలోకి వచ్చేసరికి అక్కడ ఎవరూ లేరు.

మర్నాడు కరెంటు గంట గీమని అరిచింది. పాట గది తలుపు తీస్తే గుమ్మంలోనే మూడో బకెట్ బోర్లించి ఉంది. దాని మీద ఇనుప కడ్డీ, పేలికలో బొటనవేలి గుంట అలాగే. పిడికి దారంతో కట్టి, ఒక నెయిల్ కట్టర్.