బ్రౌన్ వైరు ఏది?

వైర్‌మన్‌కి ఇళ్ల కరెంటు పనిలో ఇరవై ఆరేళ్ల అనుభవం. అతను బిగించిన బోర్డులో ఒక్క స్క్రూ కూడా వంకరగా ఉండదని చుట్టుపక్కల అందరూ చెప్పుకుంటారు. అలాంటి మనిషి ఒక ఆదివారం పొద్దున మెట్ల కింద, అక్క మోటార్‌సైకిల్ ముందు చతికిలబడి తల పట్టుకున్నాడు.

అక్క నర్సు. మంచం పట్టినవాళ్ల ఇళ్లకి వెళ్లి కట్లు మారుస్తుంది, ఇంజెక్షన్లు చేస్తుంది. రోజుకి పది పన్నెండిళ్లు తిరగాలి. నెల రోజులుగా ఆ బండి ఇండికేటర్లు ఒకసారి వెలిగితే రెండుసార్లు వెలగడం లేదు. హారనైతే దానికి బుద్ధి పుట్టినప్పుడు మోగుతోంది.

"ఒరేయ్, ఎడమకి తిరగాలంటే చెయ్యి చాపాల్సి వస్తోంది. నిన్న వెనకున్నవాడెవడో నేను టాటా చెబుతున్నాననుకుని వాడూ చెయ్యూపాడు. కాస్త చూడరా," అంది.

"బండ్ల పని నాది కాదక్కా."

"కరెంటేగా?"

అతను స్క్రూడ్రైవర్ తెచ్చుకుని బండి ముందు కూర్చున్నాడు.

హెడ్‌లైటు ఊడదీస్తే లోపల వైర్లు గుట్టలా ఉన్నాయి. వాటిని కలిపే ప్లాస్టిక్ కప్లర్లలో రెండు వేడికి పెళుసెక్కి, పట్టుకోగానే బిస్కెట్టులా పొడైపోయాయి. లోపలి పిన్నులు చిలుమెక్కి ఉన్నాయి. ఓస్ ఇంతేనా అనుకున్నాడు. బజారుకెళ్లి కొత్త కప్లర్లు తెచ్చి, పాత పిన్నులన్నీ కత్తిరించి పారేశాడు. ఏ వైరు ఎక్కడిదో రాసుకోలేదు. ఇటున్న రంగే అటూ ఉంటుంది, రంగుకి రంగు కలపడానికి రాతకోతలెందుకు?

అక్క పక్క వీధిలో ఎవరికో కట్టు మార్చాలని నడిచి వెళ్లింది. ఈలోగా కొత్త పిన్నులు నొక్కి, కప్లర్లు టక్కుమని బిగించి, తాళం తిప్పాడు. ఎడమ ఇండికేటర్ నొక్కాడు. హారన్ ఆగి ఆగి కూసింది. హారన్ నొక్కితే ఎడమ దీపం వెలిగింది. లైటు వేశాడో లేదో ఫ్యూజు ఠప్పున పోయింది.

అన్నీ విప్పి, వైర్లు ఒక్కొక్కటిగా సరిచూసి, మళ్లీ బిగించాడు. మళ్లీ అదే కూత. ఇంకో ఫ్యూజు పోయింది. తప్పు స్విచ్చులో ఉందేమోనని హ్యాండిల్ దగ్గర విప్పి చూశాడు. స్విచ్చు భేషుగ్గా ఉంది. రంగులా, దేని జతకి అది ఉంది. మరి దెయ్యమేదైనా పట్టిందా ఈ బండికి?

పదకొండింటికి అక్క తిరిగొచ్చి, భుజం మీద నుంచి తొంగి చూసింది.

"ఏంట్రా ఇది! ఆకుపచ్చ వైరు తీసుకెళ్లి బ్రౌన్ వైరుకి కలిపావేంటి?"

"ఎక్కడ?"

"ఇదిగో, నీ వేళ్ల మధ్యలోనే."

"రెండూ ఆకుపచ్చేగా అక్కా."

అక్క నవ్వింది. తమ్ముడు నవ్వలేదు. దాంతో ఆవిడ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

అప్పుడే అతని భార్య టీ గ్లాసులతో మెట్లు దిగింది. "అమ్మాయ్, ఇలా రా. వీటిల్లో బ్రౌన్ వైరు ఏదో చూపించు," అంది అక్క. ఆమె ఆలోచించను కూడా లేదు. "ఇదే కదా వదినా? ఎందుకూ?"

ఇద్దరూ కూడబలుక్కుని ఆటపట్టిస్తున్నారనుకున్నాడు వైర్‌మన్. వైర్లు రెండూ ఎండలోకి పట్టుకుని చూశాడు. ఒకటి కాస్త ముదురు, అంతే. అక్క ఇంకో రెండు చూపించి, ఒకటి నారింజ, ఒకటి లేత ఆకుపచ్చ అంది. అవీ అతనికి అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి.

"అందుకేనా మీరెప్పుడూ పచ్చి టమాటాలు తెచ్చేది!" అంది భార్య. "అడిగితే నాలుగు రోజులు నిలవుంటాయని తెచ్చానంటారు."

"నిలవుంటాయనే తెచ్చాను," అన్నాడు కాస్త గట్టిగానే. అన్నాక, నిజంగా అందుకే తెచ్చాడా అని తనకే సందేహమొచ్చింది.

టీ చల్లారిపోతోంది. అతని బుర్రలో ఇళ్లు తిరుగుతున్నాయి. ఏ ఇంట్లోనూ అతను రంగు చూసి వైరు కలపలేదు. పని నేర్పిన మేస్త్రీ, టెస్టర్ పెట్టకుండా దేన్నీ ముట్టుకోవద్దని చెప్పాడు. ఇతను రెండేసిసార్లు పెట్టేవాడు. ఎర్త్ వైరు కొసకి గుర్తుగా చిన్న ముడి వేసుకునేవాడు. ఎంత జాగ్రత్త మనిషో అని అందరూ మెచ్చుకున్నారు, అతనూ మురిసిపోయాడు. అది జాగ్రత్తేనా? కళ్లు చెప్పలేనిదాన్ని చేతులు పసిగట్టి, ఈ మనిషికి తెలియకుండానే దారి చూసుకున్నాయా?

"పుట్టుకతో కొంతమందికి ఉంటుందిరా. రోగం కాదు, భయపడకు," అంది అక్క.

"భయం కాదక్కా. ఏం అర్థం కావట్లేదు. ఇన్నేళ్లూ నేను ఆకుపచ్చ అంటున్నది ఏంటి మరి?"

అక్క తన సంచిలోంచి కట్లకి అంటించే ప్లాస్టర్ చుట్ట తీసి, చిన్నచిన్న ముక్కలు చింపింది. "నేను రంగు చెబుతాను, నువ్వు మీటరు పెట్టు."

ఆవిడ రంగు చెప్పి వైరు అందిస్తే, అతను, ఒకే వైరు రెండు కొసలకీ ఆనిస్తే కీచుమనే మీటరుతో, దాని రెండో కొస వెతికి పట్టాడు. మీటరు కీచుమన్నప్పుడల్లా రెండు కొసలకీ ఒకే నంబరేసిన ప్లాస్టర్ ముక్క చుట్టారు. పద్నాలుగు వైర్లు అయ్యేసరికి బండి ముందు భాగం కట్లు కట్టిన రోగిలా తయారైంది. తాళం తిప్పితే ఎడమ ఎడమగా, కుడి కుడిగా వెలిగాయి. హారన్ నొక్కినప్పుడే మోగింది. ఫ్యూజు నిలబడింది.

అక్క తమ్ముడి వీపు తట్టి వెళ్లిపోయింది. అతను మాత్రం చాలాసేపు అక్కడే కూర్చుని, చేతిలో మిగిలిన వైరు ముక్కలు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

మంగళవారం కళ్ల డాక్టరు దగ్గరికెళ్లాడు. ఆవిడ చుక్కల బొమ్మలున్న పుస్తకం తెరిచి, అంకె చెప్పమంది. "ఇందులో అంకె ఉందా అండీ?" అన్నాడు. అయిదు పేజీలు తిప్పినా అదే మాట. మందూ లేదు, ఆపరేషనూ లేదు, ఇక ముందూ ఇంతేనంది.

అక్కడి నుంచి ఇంటికి పోకుండా, ఆ నెలలో పని చేసిన నాలుగిళ్లూ తిరిగాడు. "ఊరికే, ఒకసారి చూసి పోదామని," అని చెప్పి బోర్డులు విప్పి మీటరు పెట్టాడు. ఎక్కడా ఒక్క తప్పు లేదు. హమ్మయ్య అనుకోవాల్సింది. అనుకోలేకపోయాడు. నాలుగో ఇంటి గుమ్మంలో చెప్పులేసుకుంటూ, తనకి పనొచ్చని ధైర్యం తెచ్చుకోవాలా, రాదని మానుకోవాలా తేల్చుకోలేక నిలబడిపోయాడు.

మర్నాడు కొత్తింటి పనికి పిలుపొచ్చింది. వైర్ల చుట్టలు దించాక, ఇంటావిడతో మొహమాటపడుతూనే చెప్పేశాడు.

"అమ్మా, నాకు కొన్ని రంగులు తేడా తెలియవు. ప్రతి వైరూ మీటరుతో చూసే కలుపుతాను. అయినా రంగు చెప్పడానికి ఎవరైనా పక్కనుంటే మంచిది."

ఆవిడ అతన్నీ, వైర్ల చుట్టల్నీ మార్చి మార్చి చూసింది. "ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదయ్యా?"

"నాకే మొన్న ఆదివారం తెలిసిందమ్మా."

ఆవిడకి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. లోపలికెళ్లి ఒక ముక్కాలిపీట తెచ్చి వేసుకుని అతని పక్కన కూర్చుంది.

"సరే, కానివ్వు. ఇది ఎరుపు," అంది.