లైన్లోంచి బయటికి

"నీకేం, మాటలు చెప్పి జీతం తెచ్చుకునే సబ్జెక్టు," అన్నాడు భర్త, ఆమె అతని రెండో సాక్సు కోసం మంచం కింద తల దూర్చి వెతుకుతుండగా. అతను డిజైన్ ఇంజినీరు. మెషీన్ లేని చదువు అతని దృష్టిలో చదువే కాదు. ఆమె ఆఖరి సంవత్సరం ఇంజినీరింగ్ పిల్లలకు ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ చెబుతుంది. ఏ పని ఎవరు చెయ్యాలి, ఏది ముందు, ఏది వెనక, సరుకు ఎక్కడ పేరుకుపోతోంది, మనిషి ఎక్కడ ఊరికే నిలబడ్డాడు, ఇదీ పాఠం. ఇంత తెలిసిన మనిషి పొద్దున్నే నేల మీద బోర్లా పడుకుని సాక్సు వెతకడమేమిటని ఎవరైనా నవ్వితే నవ్వొచ్చు. ఒక్కోసారి ఆమెకే నవ్వొచ్చేది. ఆ పూట మాత్రం రాలేదు.

సాయంత్రంలోగా డిపార్ట్‌మెంటు హెడ్డుగారికి ఒక మాట చెప్పాలి. కాలేజీ వెనక మూతబడ్డ వర్క్‌షాపు ఒకటుంది. అక్కడ పిల్లల్ని వరసగా నిలబెట్టి, వాళ్ళ చేత చెక్క స్టూళ్ళూ, పనిముట్ల పెట్టెలూ తయారు చేయిస్తూ పాఠం చెప్పాలని ఆమె ఎన్నాళ్ళ నుంచో అడుగుతోంది. అడిగీ అడిగీ నోరు నొప్పి పుట్టాక, "సరే, శనివారాలు తీసుకోండి," అన్నారాయన. అంతటితో ఊరుకోవచ్చుగా! "ముందు ఇంట్లో కనుక్కోండమ్మా. ఆడవాళ్ళకి శనివారాలు కష్టమే కదా. కుదరదంటే మన జూనియర్‌కి ఇచ్చేస్తా," అన్నారు. ఆ జూనియర్‌కి పెళ్ళాం ఉంది, కవల పిల్లలున్నారు. ఇంట్లో కనుక్కోమని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఆమె బుద్ధిగా కనుక్కుంది కూడా. "శనివారమా? మరి ఇల్లో?" అన్నాడు భర్త, ఇల్లేదో చంకలోని పసిబిడ్డయినట్టు, దాన్ని ఆమె నడివీధిలో దించేసి పోతోందన్నట్టు. వాలుకుర్చీలో కూర్చున్న అత్తగారు కళ్ళు తెరవకుండానే, "ఇంటి ఆడదానికి శనివారమూ లేదు, ఆదివారమూ లేదమ్మాయ్," అంది. అది దెప్పో జాలో ఆమెకు తెలియలేదు. ఎందుకొచ్చిన గొడవ, వద్దని చెప్పేద్దాం అనుకుంటూనే క్లాసుకి వెళ్ళింది.

ఆ రోజు క్లాసులో కాగితం పడవల ఆట. అయిదుగురు బల్ల వెంట వరసగా కూర్చోవాలి, తలా ఒక మడత వేసి పక్కవాళ్ళకి అందించాలి, ఆమె బల్ల మీది గంట కొట్టేలోపు ఎన్ని పడవలు తేలతాయో చూడాలి. మధ్యలో కూర్చున్న అమ్మాయిని క్లాసంతా ఎక్స్‌ప్రెస్ అంటారు. చేతిలో పని ఉంటే ఆ పిల్లకి పూనకమే. "ఇటు తే, నీకు రాదు," అని ఎడమవాడి మడత తనే వేసింది. "వదిలెయ్, నేను చూస్తాగా," అని కుడివాడిదీ వేసింది. కాసేపటికి ఆ పిల్ల ముందు కాగితాల గుట్ట, అటూ ఇటూ కబుర్లు. ఒకడైతే హాయిగా ఆవలించాడు. గంట కొట్టేసరికి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని పడవలు.

"నీ మడత ఒక్కటే కదా, వాళ్ళవి కూడా ఎందుకు వేశావు?" అని అడిగింది ఆమె.

"వాళ్ళకి చేతకావట్లేదు మేడమ్. చెప్పి చేయించేలోపు నేనే చేసేస్తే తొందరగా అయిపోతుందని."

ఆ మాట ఆమె ఇంట్లో రోజూ అనుకునేదే, ఒక్క అక్షరం తేడా లేదు. పెళ్ళైన కొత్తలో భర్త ఒకసారి తెల్లబట్టలూ రంగుబట్టలూ కలిపి ఉతికాడు. లేత గులాబీ చొక్కాలు చూసి ఆమె పడీ పడీ నవ్వింది, "లేవండి, నేను చేస్తా," అంది. ఆ రోజు లేచిన మనిషి మళ్ళీ ఆ దరిదాపులకు రాలేదు. చేతకానితనం కూడా నేర్పితేనే వస్తుంది కాబోలు! ఆమె నేర్పింది సరే, అంత శ్రద్ధగా నేర్చుకోవడం అతనికీ సుఖంగానే ఉంది మరి.

"ఇంకో ఆట ఆడదాం. నువ్వు లేచి గుమ్మం దగ్గర నిలబడు, నీ మడత వాళ్ళు పంచుకుంటారు. చేతులు వెనక్కి పెట్టుకో," అంది ఆ పిల్లతో.

"అమ్మో, నేను లేకపోతే మునిగిపోతారు మేడమ్!"

"మునగనీ. కాగితం పడవలేగా."

మొదట నిజంగానే మునిగారు. ఒక పడవ టోపీ అయింది, ఇంకొకటి ఏమీ కాలేదు. "మేడమ్, ఎక్స్‌ప్రెస్‌ని పంపించండి!" అని గోల. ఆమె చేతులూ దురదపెట్టాయి, వెళ్ళి సరిచేద్దామని. తనవి కూడా వెనక్కి కట్టేసుకుంది. అంతలో ఆవలించిన కుర్రాడే మడత మీద స్కేలు పెట్టి గట్టిగా లాగాడు. గీత సూటిగా పడింది. పక్కవాళ్ళు చూశారు, స్కేళ్ళు తీశారు. పడవలు ఒకదాని వెనకొకటి బల్ల చివరికి చేరాయి. గంట కొట్టేసరికి ముందటి కంటే ఎక్కువే తేలాయి, క్లాసంతా ఈలలు. ఆ పిల్ల చిన్నబుచ్చుకుంటుందేమోనని ఆమె భయపడింది. గుమ్మానికి ఆనుకుని ఎక్స్‌ప్రెస్ నవ్వుతోంది.

"నిలబడి చూడ్డం ఇంత బావుంటుందా మేడమ్?"

ఎంత సంతోషమేసిందంటే, ఆమె వెలిగిపోతున్న మొహంతోనే నేరుగా హెడ్డుగారి గదికి నడిచింది.

"శనివారాలు నావే సార్."

"ఇంట్లో కనుక్కున్నారా?"

"అది అయిపోయిందండీ. ఇప్పుడు వెళ్ళి చెప్తాను."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆమె రచ్చ గెలిచి ఇంటికి బయల్దేరింది. చెప్పింది. భర్త అలిగాడు, ఆమె బతిమాలలేదు.

మొదటి శనివారం వర్క్‌షాపు తలుపులు బార్లా తెరిచారు. రంపపు పొట్టు వాసన, పిల్లల కేకలు. మొదటి స్టూలుకి మూడో కాలు బిగిస్తుండగా ఆమె ఫోను మోగింది.

"పెద్ద గరిటె ఎక్కడుంది?" భర్త గొంతులో కంగారు. "స్టవ్ మీద ఏదో మాడుతోంది. తొందరగా చెప్పు!"

రెండో అర, ఎడమ పక్క. జవాబు నాలిక చివరిదాకా వచ్చింది. ఆమె దాన్ని మింగేసింది.

"వెతకండి," అంది మెత్తగా.

అవతల ఏదో దబ్బున పడింది, "ఇలా తేరా ఆ ఫోను," అని ఇంకో గొంతు. అత్తగారు!

"అమ్మాయ్, నువ్వు పెట్టెయ్. గరిటె ఎక్కడుందో నాకు తెలుసు, చెప్పను. వీడి నాన్నకి చెప్పీ చెప్పీ నా జన్మంతా అయిపోయింది. ఆకలేస్తే ఆ మాడిందే తింటాను గానీ, ఈ కుర్చీలోంచి మాత్రం లేవను."