సర్వేయరు ఎత్తు

సోమవారం నుంచి శనివారం దాకా సర్వేయరుకు పని ఒకటే. ఏటి ఒడ్డు ఇళ్లకు వెళ్లడం, గోడ మీది చెమ్మగీత ఎంత ఎత్తున ఉందో చూడడం, కాగితంలో రాయడం. రాబోయే వరదలో నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో గోడలు ముందే చెప్పడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. జనం ఆ గీత పక్కనే క్యాలెండరు తగిలించుకుని కాపురాలు చేసుకుంటున్నారు.

ఆ చెమ్మ తగిలితే టేపు మీది అంకెలు చెరిగిపోతున్నాయి. అందుకని టేపు మానేసి ఒంటితోనే కొలవమంది ఆఫీసు. గీత నడుం లోపుంటే బీమా. తల దాటితే కొండ మీద ఇంటిస్థలం. మధ్యవాళ్లకు ఏమీ లేదు. ఇదేం లెక్కంటే, బడ్జెట్ అంతే ఉందన్నారు. మనవాడేమో ఆరడుగుల మనిషి. ఆ వీధిలో అతని తల దాటిన గీత ఒక్కటీ లేదు.

ఆ రోజు అక్క ఇంటి వంతు. గీత అతని ఛాతీ దగ్గరుంది.

"తల దాటిందని రాసెయ్‌రా, నీ సొమ్మేం పోయింది?" అంది అక్క.

"నీకు రాస్తే వీధి వీధంతా నా మీద పడుతుందక్కా."

అంటూనే వంగి చూశాడు. గీత కింద బురదచేతుల ముద్రలున్నాయి. చిన్నవి. ఒకదాని మీద ఒకటిగా పైకి పాకుతున్నాయి. అలాంటివి ఏ ఇంట్లోనూ చూడలేదతను. అయిదేళ్ల మేనకోడలు వచ్చి, ఆడుకుంటున్నట్టే, ఒక ముద్ర మీద చెయ్యి ఆనించింది. అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

"చల్లగా ఉంది మావయ్యా!"

సర్వేయరు దాని చెయ్యి గోడ మీంచి లాగేశాడు. పిల్లను గోడకు ఆనించి నిలబెట్టాడు. గీత దాని తలకు జానెడు పైన ఉంది. ఎవరి తలో రూల్సులో రాయలేదు. 'తల దాటింది' అని రాసి సంతకం పెట్టాడు.

నెల తిరిగేసరికి అక్కావాళ్లు కొండెక్కారు. పాత ఇల్లు పడగొట్టాలన్నది షరతు. పడగొట్టారో లేదో చూడడానికి సర్వేయరు వెళ్తే గుమ్మానికి కొత్త తెర వేలాడుతోంది. లోపల ఒకామె కుట్టుమిషను తొక్కుతోంది. నేల మీద పసిపాప పాకుతోంది. ఇంటావిడ తమ్ముణ్నని చెప్పుకున్నాడు.

"అద్దె తక్కువని వచ్చామండీ. మీ అక్కగారు చాలా మంచావిడ," అంది.

గోడ మీద గీత ఉంది. దాని కింద ముద్రలు ఇప్పుడు ఇంకా చిన్నవి.

అక్క మీద ఒళ్లు మండిపోయింది. కానీ ఒక ఇంటికి రెండోసారి స్థలం ఇవ్వరు. ఆ మాట అతనే ఎంతమందికో చెప్పాడు.

"ఊరవతల మెరక మీద మా ఇల్లు. ముందుగది ఖాళీగా ఉందమ్మా. ఇప్పుడే వచ్చేయండి," అన్నాడు.

కుట్టుపనామె గోడ వంక చూసింది. ముద్రలు కింద నుంచి ఒక్కొక్కటే ఆరుతున్నాయి. అన్నిటికన్నా పైది మాత్రం నిగనిగలాడుతూనే ఉంది.

"అద్దెంతండీ?"

"ఇక్కడిచ్చేదే ఇవ్వండి."

"బజారుకు దూరం కదండీ మీ ఇల్లు. బేరాలు తగ్గుతాయి."

ముద్ర ఇంకా తడిగానే ఉంది.

"సగమే ఇవ్వండి," అన్నాడు.

ఆమె మిషను ఆపి లేచింది. పాపను చంకనెత్తుకుని గుమ్మం దాటింది. అప్పుడు ఆరింది పై ముద్ర.